మా ఆయన నా క్యారెక్టర్‌ని "బాగు చేశాడు", అప్పట్నుంచి ఆట తెరవబుద్ధి కావట్లేదు

ఈసారి లెటర్ బెంగళూరు నుంచి. రాసినావిడ పేరు వెయ్యొద్దన్నారు. సొంతూరు మదనపల్లె, వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు, కాపురం మారతహళ్ళిలో. వాళ్ళాయనది ఒంగోలు వైపు. ఆయనకీ ఆయన ఫ్రెండ్స్‌కీ పాత్ ఆఫ్ ఎగ్జైల్ అనే కంప్యూటర్ ఆటంటే పిచ్చి, కొత్త లీగ్ (అందరూ మళ్ళీ మొదట్నుంచి ఆడే కొత్త విడత) మొదలైతే చాలు శుక్రవారం అర్ధరాత్రి దాటాక హాల్లో లాప్‌టాప్‌లు తెరుచుకుంటాయి, ఆదివారం రాత్రి దాకా ఆంధ్రా మెస్ పార్సిళ్ళ మీదే బతుకు. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని చూసిన ఈవిడ ఈసారి నేనూ ఆడతానన్నారు. ఆయన ఎగిరి గంతేసి, ఒక గైడ్ వీడియో పక్కన పెట్టి, "ఇది తీసుకో, అది నొక్కు, అదంతా చదవక్కర్లేదు పద పద" అంటూ ఒక్క వీకెండ్‌లో మూడు యాక్టులు (కథలో అధ్యాయాలు) దాటించేశారు. "చేతులు నావే గానీ ఆడింది నేను కాదు" అని రాశారీవిడ.

దాంతో ఆ క్యారెక్టర్‌ని పక్కన పడేసి సొంతంగా విచ్ అనే మంత్రగత్తె క్యారెక్టర్‌తో మొదలుపెట్టారు. వీడియోలు చూడకూడదు, నెట్‌లో వెతకకూడదు, ఎవర్నీ అడగకూడదు అని రూలు పెట్టుకున్నారు. రాత్రి పది తర్వాత దొరికే ఆ గంటలో ఫైర్‌బాల్ వేసుకుంటూ, చేతిలో వాండ్ (మంత్రదండం) ఉంది కదా అని, క్యారెక్టర్ బలాలు ఎంచుకునే పాసివ్ ట్రీలో వాండ్ అని రాసున్న పాయింట్లు ఏరుకుంటూ ఐదు యాక్టులు దాటారు. ఆరో యాక్ట్ నుంచి ఒక్క దెబ్బకే చావడం మొదలైంది. శనివారం వచ్చే ఫ్రెండ్స్ "వదినా, ఆ వీడియో చూస్తే పది నిమిషాల్లో అయిపోద్ది కదా" అని నవ్వుతారు. ఇదంతా ఓర్చుకున్నారు. కానీ ఒకరోజు మంత్ ఎండ్ క్లోజింగ్ కాల్‌లో బెడ్‌రూంలో ఉండగా, వాళ్ళాయన ఈవిడ అకౌంట్ తెరిచి, క్వెస్టుల్లో వచ్చి దాచుకున్న రీఫండ్ పాయింట్లన్నీ (ట్రీలో తీసుకున్నవి వెనక్కి ఇచ్చి మార్చుకోవడానికి పనికొచ్చేవి) వాడేసి, అవి చాలక అదే పని చేసే తన ఆర్బులు కూడా ఇచ్చి ట్రీ సగం మార్చేసి, స్కిల్స్ ఇచ్చే జెమ్స్ మార్చి, రెండు ఉంగరాలు తొడిగి "ఇప్పుడు చూడు, పరిగెత్తుద్ది" అన్నారట. నిజంగానే పరిగెత్తింది. దానికే ఏడుపొచ్చిందట. అప్పట్నుంచి ఆట ముట్టలేదు.

అడిగినవి ఇవీ: నాది మొండితనమా? ఆటేగా అని వదిలేయాలా? గైడ్ లేకుండా ఈ ఆట అసలు కుదురుతుందా? నా పాస్‌వర్డ్ మార్చేస్తే తప్పా? కింద ఇంకో లైను: "దయచేసి బిల్డ్ మాత్రం చెప్పొద్దు." (బిల్డ్ అంటే ఏ స్కిల్లు, ఏ పాయింట్లు తీసుకోవాలనే రెడీమేడ్ కూర్పు.)

చెప్పనండి. ఆట లోపలి విషయం ఏదైనా ఎత్తితే మీ తెర మీద రాసి ఉన్నదే ఎత్తుతా, ఒక్కచోట దాటాల్సి వస్తే ముందే చెప్పి దాటుతా, అక్కడ వద్దనుకుంటే ఆ పేరా వదిలేసి కిందికెళ్ళిపోండి.

ముందు ఆ ఏడుపు సంగతి. మీరు దాన్ని అహం అనుకుంటున్నారు, లెటర్లో రెండు చోట్ల "నాకే ఇగో ఎక్కువేమో" అని రాశారు. నాకలా అనిపించలేదు. నేర్చుకునేవాళ్ళకి తప్పు అనేది చాలా విలువైన వస్తువు, ఎందుకంటే ఏది మారిస్తే ఏమైందో తెలిసేది దాంతోనే. మీ వారు పాయింట్లు, జెమ్స్, ఉంగరాలు మూడూ ఒకేసారి మార్చేశారు, క్యారెక్టర్ నిలబడింది, కానీ ఆ మూడింట్లో ఏది నిలబెట్టిందో ఇప్పుడు మీకు తేలిగ్గా తెలిసే దారి లేదు. మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి వెంటనే అర్థమవుతుంది, ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే పక్క సీటు మనిషొచ్చి ఒకేసారి పది ఎంట్రీలు మార్చి "ఇదిగో కలిసింది" అంటే మీరు ఒప్పుకుంటారా? కలిసినా ఒప్పుకోరు. కాబట్టి మీకు పోయింది ఒక వారం ఆట మాత్రమే కాదు, ఆరో యాక్ట్‌లో ఎందుకు చస్తున్నానో అనే ప్రశ్నే పోయింది, సగం విప్పిన ముడిని ఇంకొకరు కత్తిరించేశారు. బాధ పడటం సహజం, పైగా అడక్కుండా మీ అకౌంట్ తెరిచారు, అది ఆటలో అయినా ఇంకెక్కడైనా తప్పే.

అయితే మీ వారి పక్షాన కూడా రెండు మాటలు చెప్పాలి, ఆయన ఎక్కడినుంచి మాట్లాడుతున్నారో తెలియకపోతే మీరు ఎంత మాట్లాడినా ఎక్కదు. ఈ ఆట 2013 అక్టోబర్‌లో వచ్చింది, న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ దగ్గర గ్రైండింగ్ గియర్ గేమ్స్ వాళ్ళు చేశారు. అప్పట్నుంచి కొన్ని నెలలకో కొత్త లీగ్, ప్రతి లీగ్‌కీ ఏదో కొత్త పద్ధతి, వాటిల్లో చాలావరకు తర్వాత కూడా ఆటలోనే ఉండిపోయాయి, అలా పొర మీద పొర పేరుకుంది. పాసివ్ ట్రీలోనే 1300 పైచిలుకు పాయింట్లు ఉంటే అందులో ఒక మనిషి తీసుకోగలిగేది 120 చిల్లర. లీగ్ మొదలైన రోజు అందరూ ఖాళీ చేతుల్తో మొదలవుతారు, మొదటి రెండు మూడు రోజుల్లో కథ అయ్యాక వచ్చే మ్యాప్స్‌కి ఎవరు ముందు చేరితే వాళ్ళకి వస్తువుల వ్యాపారం బాగుంటుంది. ఆయన గ్యాంగ్ ఆడేది ఆ పరుగు పందెం. పందెంలో గైడ్ వాడటం బద్ధకం కాదు, వాళ్ళకి ఆ పరుగులోనే మజా. మీ మజా వెతుక్కోవడంలో ఉంది. ఒకే తెర మీద మీరిద్దరూ రెండు వేరే ఆటలు ఆడుతున్నారు, ఆయన మిమ్మల్ని తన ఆటలో వెనకపడ్డ మనిషిగా చూస్తున్నారు కాబట్టే చెయ్యందిస్తున్నారు. మీరు ఆయనకి ఇంతవరకూ చెప్పింది "నాకు గైడ్ వద్దు" అని మాత్రమే, అది ఆయన చెవికి "నీ సాయం వద్దు" అని వినిపించి ఉంటుంది. "నేనెందుకు చస్తున్నానో నేనే కనుక్కోవాలి, దానికి ఎన్ని రోజులు పట్టినా నాకు పర్లేదు" అని చెప్పి చూడండి. అది ఆయనకి కొత్త సమాచారం.

ఇక గైడ్ లేకుండా కుదురుతుందా అంటే, కుదురుతుంది. కానీ మీరు పెట్టుకున్న రూలు మీకు కావాల్సిన దానికన్నా చాలా వెడల్పుగా ఉంది. ఆట గురించిన సంగతులు మూడు రకాలు అనుకోండి. ఆట తనే తెర మీద చెప్పేవి ఒకటి. ఆట సరిగ్గా వివరించని లెక్కలు ఇంకోటి (దాటుతా అన్నది ఇక్కడే, వద్దనుకుంటే ఈ పేరా వదిలేయండి), ఉదాహరణకి ఆర్మర్ (కవచం) అనేది చిన్న దెబ్బల్ని బాగా ఆపుతుంది, పెద్ద దెబ్బ పడితే అంతగా ఆపదు, క్యారెక్టర్ షీట్‌లో కనిపించే శాతం ఒక అంచనా మాత్రమే. మూడోది ఇంకొకరి నిర్ణయాలు, అంటే ఏ క్లాసు, ఏ స్కిల్లు, ఏ పాయింట్లు, ఏ వరసలో. మీకు ఊపిరాడనివ్వనిది ఈ మూడోది. రెండోది అడిగి తెలుసుకున్నంత మాత్రాన మీ ఆట మీది కాకుండా పోదు, అదొక రూలు పుస్తకం లాంటిదే. అది కూడా వద్దనుకుంటే అదీ ఒక దారే, కానీ కొన్ని చోట్ల ఎంత చదివినా తేలని గోడలు తగులుతాయి, అక్కడ చాలా సాయంత్రాలు పోతాయి, అది తెలిసే ఒప్పుకోవాలి.

మొదటి రకం మాత్రం మీరు వదిలేస్తున్నారు, అది నాకు మీ లెటర్లోనే కనపడింది. గైడ్ వద్దనుకున్నవాళ్ళు మామూలుకన్నా రెట్టింపు చదవాలి, మీరేమో చదవడం తగ్గించి ఊహించడం పెంచారు. ఫైర్‌బాల్ జెమ్ మీద మౌస్ పెడితే పేరు కిందే ట్యాగులు ఉంటాయి, అందులో స్పెల్ అని ఉందో ఎటాక్ అని ఉందో చూడండి. తర్వాత మీరు తీసుకున్న వాండ్ పాయింట్లు ఒక్కొక్కటి తెరిచి అది దేనికి వర్తిస్తుందో అక్షరం అక్షరం చదవండి. అంతే, ఆ పైన నేను చెప్పను. ట్రీ తెరిచినప్పుడు వెతికే డబ్బా కూడా ఉంటుంది, అందులో ఒక మాట కొడితే ఆ మాట ఉన్న పాయింట్లన్నీ వెలుగుతాయి, అది ఆటలోనే ఇచ్చిన వసతి, వాడుకుంటే మీ రూలేం తప్పినట్టు కాదు. వస్తువుల విషయంలో ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ మాడ్ డిస్క్రిప్షన్స్ ఆన్ చేసుకుని ఆల్ట్ నొక్కి పట్టుకుంటే ఆ వస్తువు మీద ఒక్కో లైను ఏ టయర్‌దో కూడా చూపిస్తుంది, అంటే ఆ లైను ఇంకా ఎంత బాగా వచ్చే వీలుందో మీకే తెలుస్తుంది.

"ఐదో యాక్ట్ దాకా బానే ఉంది, ఆరు నుంచే ఇలా" అని రాశారు, దాని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా. ఐదో యాక్ట్ చివర కిటావా అనే బాస్‌ని చంపాక తెర మీద ఒక మెసేజ్ వస్తుంది, అన్ని రెసిస్టెన్సులూ (నిప్పు, చలి, మెరుపు లాంటి దెబ్బల్ని తట్టుకునే శాతాలు) శాశ్వతంగా 30 తగ్గాయని. గెలిచిన సంతోషంలో చాలామంది దాన్ని చూసీ చూడనట్టు దాటేస్తారు. కీబోర్డు మీద సీ నొక్కితే క్యారెక్టర్ షీట్‌లో ఫైర్, కోల్డ్, లైట్నింగ్ అంకెలు ఉంటాయి, మామూలుగా గరిష్ఠం 75. లెక్క మీకు చెప్పక్కర్లేదు గానీ, 400 దెబ్బ పడిందనుకోండి, 75 ఉంటే మీకు తగిలేది 100, సున్నా ఉంటే 400, మైనస్ 30 ఉంటే 520. అదే రాక్షసుడు, అదే దెబ్బ, ఐదు రెట్లు తేడా. మీరు లెటర్లో "ఉంగరాలు తొడిగాడు" అని కోపంగా రాశారు, ఆ ఉంగరాల మీద ఏం రాసుందో చదివారా? చదవకపోతే ఇప్పుడు చదవండి, ఆయన చేసిన మార్పుల్లో దేని వల్ల ఏమైందో తెలుసుకోవడానికి అక్కడొక తాడు మిగిలి ఉంది. ఆ రెండూ తీసేసి పాత ఉంగరాలు పెట్టుకుని అదే చోటికి వెళ్ళి చూడండి, చచ్చినా పెద్దగా పోయేదేం లేదు, ఆరో యాక్ట్ నుంచి కొంచెం ఎక్స్‌పీరియెన్స్ పోతుంది, లెవెల్ మాత్రం తగ్గదు. మీరు హార్డ్‌కోర్‌లో (ఒక్కసారి చస్తే ఆ లీగ్‌లో ఉండనివ్వని పద్ధతి) ఆడట్లేదు కదా, అందులో అయితే ఈ మాట చెప్పేదాన్ని కాదు.

ఇంకొకటి, ఇది మీకు బాగా నచ్చుతుందని నా నమ్మకం. ఈ ఆటలో డ్యామేజ్ పెంచే లైన్లు రెండు రకాలుగా రాసి ఉంటాయి, ఇంక్రీజ్డ్ అని కొన్ని, మోర్ అని కొన్ని. ఇంక్రీజ్డ్ ఉన్నవన్నీ ముందు ఒకదానికొకటి కూడుతారు, తర్వాత ఒక్కసారి గుణిస్తారు. మోర్ ఉన్నది దేనికదే విడిగా గుణిస్తారు. అసలు 100 ఉండి ఇప్పటికే 200 శాతం ఇంక్రీజ్డ్ ఉందనుకోండి, 300 అయింది, దానికి ఇంకో 30 శాతం ఇంక్రీజ్డ్ కలిపితే 330, అదే 30 శాతం మోర్ దొరికితే 390. చాలామంది పెద్ద అంకె చూసి పాయింటు పెట్టేస్తారు, మీలాంటివాళ్ళు కాగితం పెన్ను తీసుకుని కూర్చుంటే గైడ్ రాసేవాళ్ళు చేసే పనిలో సగం అదే.

ఇప్పుడు ముందున్న దారులు. ఇది చెయ్యండి అని ఒక్కటే చెప్పలేను, ఎందుకంటే ప్రతిదానికీ ఏదో ఒకటి వదులుకోవాలి.

ఉన్న విచ్‌నే వెనక్కి తిప్పుకోవచ్చు. ఒక్కో ఆర్బ్ ఆఫ్ రిగ్రెట్‌కి ఒక్కో పాసివ్ పాయింట్ వెనక్కి వస్తుంది. మీ వారు వాడేసినవి మీ రీఫండ్ పాయింట్లు, తప్పులు దిద్దుకోవడానికి ఆట మీకిచ్చినవి, ఆయన దిద్దడానికి కాదు. ఎన్ని పాయింట్లు మార్చారో అన్ని ఆర్బులు ఆయన్ని అడగండి, లీగ్‌లో అంత ముందున్న మనిషికి అదొక లెక్కలోది కాదు. తీసుకుంటే నా రూలు పోతుందా అని అనుమానపడొద్దు, అది సాయం కిందికి రాదు, మీ బాకీ మీకు తిరిగొచ్చినట్టు. వెనక్కి తిప్పేటప్పుడు మొత్తం ఒకేసారి తిప్పకుండా రెండు మూడు పాయింట్లు తిప్పి ఆడి చూసి మళ్ళీ తిప్పండి, అలా అయితే ఆయన చేసినపని కూడా మీకు పాఠంగా మారుతుంది. ఇందులో ఇబ్బందేంటంటే, తర్వాత క్యారెక్టర్ బాగా ఆడినప్పుడల్లా ఇది నా వల్లా ఆయన వల్లా అనే అనుమానం ఎంతోకొంత మిగులుతుంది. దాంతో బతకగలిగితే ఇదే తక్కువ శ్రమ.

కొత్తగా మొదలుపెట్టొచ్చు. మళ్ళీ ఐదు యాక్టులంటే గుండె జారుతుంది గానీ రెండోసారి చాలా త్వరగా అయిపోతుంది, దారులు తెలుసు, కథ తెలుసు. కొత్త క్యారెక్టర్ పెట్టేటప్పుడు సోలో సెల్ఫ్ ఫౌండ్ అని ఒక ఎంపిక కనపడుతుంది, అది పెట్టుకుంటే ఎవరితోనూ వ్యాపారం కుదరదు, ఎవరితోనూ పార్టీ కట్టడం కుదరదు, దొరికినదాంతోనే సర్దుకోవాలి. మీకు ఇది రెండు రకాలుగా పనికొస్తుంది. ఒకటి, మీ వారు ప్రేమతో ఏదైనా ఇవ్వాలన్నా ఇవ్వలేరు, మీరు ప్రతిసారీ వద్దని చెప్పి చెడ్డవాళ్ళు కానక్కర్లేదు, ఆటే వద్దంటుంది. రెండోది జనం పెద్దగా గమనించరు, మార్కెట్‌లో ధర కూడా ఒక గైడే. ఏ వస్తువు ఖరీదుగా ఉందో చూశారంటే వేలమంది ఏది మంచిదనుకుంటున్నారో చూసేసినట్టే, ఇక మీరు ఎంత కళ్ళు మూసుకున్నా తెలిసిపోయింది. ఇందులో నష్టం ఏంటంటే శనివారం హాల్లో అందరూ కలిసి ఆడుతుంటే మీరొక్కరే మీ లోకంలో ఉంటారు, వస్తువులు దొరక్క నెమ్మదిగా సాగుతుంది. విసుగొస్తే ఆ క్యారెక్టర్‌ని మామూలు లీగ్‌లోకి మార్చుకోవచ్చు, అటు నుంచి ఇటు మాత్రం రాలేరు.

రెండూ పెట్టుకోవడం మూడో దారి. శనివారాలకి గైడ్ చూసి ఆడే ఒక క్యారెక్టర్, వారం రోజుల్లో రాత్రి పది తర్వాత మీ సొంతది. సంసారానికి ఇది హాయి, వాళ్ళతో కలిసి నవ్వుకోవచ్చు, "వదినా" అని ఎగతాళి చేసేవాళ్ళూ తగ్గుతారు. కానీ శనివారం నేర్చుకున్నది సోమవారం మర్చిపోలేరు. గైడ్‌లో ఒక పాయింటు ఎందుకు తీసుకున్నారో కళ్ళతో చూశాక మీ ట్రీలో అదే చోటు మీకు వేరేలా కనపడుతుంది. కొందరికి ఇది పర్లేదు, మీ లెటర్ చదివితే మీకు పడదేమో అనిపిస్తోంది, నాకు అనిపించింది మాత్రమే.

వదిలేయడం కూడా ఒక దారే, అందులో సిగ్గు పడాల్సిందేం లేదు. కాకపోతే ఆట నచ్చక వదిలేయడం వేరు, ఇంకొకరు చెయ్యి పెట్టారని వదిలేయడం వేరు. రెండోదైతే ఆ కోపం ఆటతో పాటు పోదు, ప్రతి లీగ్‌కీ హాల్లో లాప్‌టాప్‌లు తెరుచుకున్నప్పుడల్లా మళ్ళీ లేస్తుంది.

నన్నడిగితే నేను మీ స్థానంలో సోలో సెల్ఫ్ ఫౌండ్ వైపు మొగ్గుతా, కానీ దానికి ముందు పాత విచ్‌తో ఆ ఉంగరాల సంగతి ఒక్కటి తేల్చుకుని మరీ. అది తేలకుండా కొత్తది మొదలుపెడితే మళ్ళీ ఆరో యాక్ట్‌లో అదే చోట అలాగే ఆగుతారు.

మీ వారికి సాయం చెయ్యాలనే ఉబలాటం ఎలాగూ పోదు, దానికొక పని చూపించండి. ఆయన్ని అడిగినప్పుడు జవాబు చెప్పొద్దు, ఎక్కడ చూడాలో మాత్రమే చెప్పమనండి. "సీ నొక్కి చూడు", "ఆ జెమ్ ట్యాగులు చదువు", ఇంతవరకే. మొదట్లో ఆయనకి నాలుక దురద పెడుతుంది, రెండో వాక్యంలోకి జారిపోతారు, అప్పుడు చెయ్యి ఎత్తి ఆపండి, మనసులో పెట్టుకోవద్దు. ఎక్కడ చూడాలో చెప్పడానికి జవాబు చెప్పడం కన్నా ఎక్కువ తెలిసుండాలి, ఆయనకి అది నిజంగానే తెలుసు, ఆ మాట మీ నోటి నుంచి వింటే ఆయన ఫ్రెండ్స్ ముందు కూడా మీ పక్షాన నిలబడతారని నాకనిపిస్తోంది. ఫ్రెండ్స్ మాటలకి విడిగా జవాబు అక్కర్లేదు, ఆయన ఒక్కసారి "ఆవిణ్ణి ఆడనీయండ్రా" అంటే చాలు.

పాస్‌వర్డ్ మార్చడం తప్పేం కాదు, అది మీ అకౌంట్. కానీ చెప్పకుండా మార్చొద్దు. ఏదో ఒక రాత్రి ఆయన తెరవబోతే తెరుచుకోదు, అప్పుడు మాటంతా నన్ను నమ్మవా అనే దాని మీదికి మళ్ళుతుంది, ఆయన చేసింది పక్కకి పోతుంది, మీరు సంజాయిషీ ఇచ్చుకునే మనిషి అవుతారు. ముందు కూర్చుని జరిగింది చెప్పండి, ఆర్బులు అడగండి, "ఇకమీదట నా అకౌంట్ నేనే తెరుస్తా" అనండి. ఆయన సరే అని ఊరుకుంటే మార్చాల్సిన పనే ఉండకపోవచ్చు. "ఓస్ ఇంతేనా" అని తేలిగ్గా తీసేస్తే ఆయన ఎదురుగానే మార్చేయండి.